మూడు కుట్లు తక్కువ

సాయంత్రం ఐదున్నర. ఆఫీసు నుంచి ఇప్పుడే వచ్చిన కోడలు. లోపలి గదిలో, ఫోనుతో, కూతురు బుజ్జి. హాల్లో, పేపరు వెనక, మామగారు.

"ఆదివారం నా అల్లిక పక్కన పెట్టినప్పుడు పదకొండు వరసలు, మామయ్యగారూ. ఇప్పుడు చూస్తే పదిహేడున్నాయి."

"మంచిదేగా అమ్మా. తగ్గితే బాధపడాలి."

"ఎలా పెరిగాయి అంటున్నాను."

"అల్లికలన్నాక పెరుగుతాయి. వాటి ధర్మం అది."

"ఎవరూ అల్లకుండానా?"

"నువ్వే అల్లుంటావు. అలిసిపోయి వస్తావు, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. మొన్న పక్కింటి తలుపుకి మన తాళం పెట్టి తిప్పుతూ నిలబడలా?"

"అది వేరు. వాళ్ళ తలుపూ మన తలుపూ ఒకే రంగు. ఇది చూడండి. నా చెయ్యి బిగువు. కింద పదకొండు వరసలూ పళ్ళు కొరుకుతూ అల్లినట్టుంటాయి. పైన ఆరూ వదులుగా, మర్యాదగా ఉన్నాయి."

"మర్యాదగా అంటే?"

"ఒక్కో కుట్టునీ కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, కుశలమడిగి పంపినట్టున్నాయి. నాకంత తీరిక ఎక్కడిది?"

"అంటే, బాగున్నాయనా, బాలేవనా?"

"మీకెందుకు మామయ్యగారూ? మీరు అల్లలేదుగా."

"లేదు లేదు. ఊరికే. తెలుసుకుందామని."

"కాసేపు ఇలా కాళ్ళు చాపుకుంటాను, ఏమనుకోకండి. ఇంట్లో ఉన్నదే నలుగురం. అత్తయ్యగారు వాళ్ళ చెల్లెలింటికెళ్ళి పన్నెండు రోజులు. బుజ్జి ఫోను పట్టుకున్న చేత్తో ఇంకోటి పట్టుకోదు. మీ అబ్బాయి..."

"వాణ్ణి వదిలెయ్. లేసు కట్టుకోవడం రాక బూట్లు మానేసినవాడు."

"అందుకని ఇంక మిగిలింది..."

"పనిమనిషి."

"ఆవిడ మానేసి రెండు వారాలు."

"అదే అంటున్నా. తీరిక దొరికుంటుంది."

"పేపరు దించండి మామయ్యగారూ."

"చదువుతున్నానమ్మా."

"అది నిన్నటిది."

"నిన్నటి సంగతులు ఎవరైనా మార్చారేమోనని చూస్తున్నా."

"ఆ చూపుడువేలికి ప్లాస్టరేంటి?"

"కూరగాయలు తరిగాను."

"వంట పొద్దునే చేసిపెట్టి వెళ్ళాను. ఇంట్లో కూరగాయలే లేవు."

"తరుగుదామని అనుకున్నాను."

"అనుకుంటేనే తెగిందా?"

"సరే. సరే. నేనే. ఇంక పోలీసుల్ని పిలు."

"మీరే?"

"నేనే. సోమవారం నుంచి. నువ్వు ఆఫీసుకి, వాడు ఆఫీసుకి, బుజ్జి స్కూలుకి. ఇంట్లో నేనూ ఈ అల్లిక సంచీ మిగిలాం. అది నా వంక చూసింది, నేను దాని వంక చూశాను."

"మీకు క్రోషే అల్లడం ఎప్పట్నుంచి వచ్చు?"

"ఫోన్లో ఒకావిడ నేర్పింది. 'చాలా ఈజీ ఫ్రెండ్స్' అంటూ మొదలెట్టింది. నేను వెనక్కి తిరిగి చూశా, ఎవర్ని అంటోందా అని. అంతకుముందు వారం రోజులు పార్సిలు తాడు మీద సాధన చేశాను."

"ఆవిడ వీడియో నేనూ చూశాను. ఒక్క కుట్టు వస్తే చాలు, రెండు ముక్కలు అల్లి కలిపేస్తే పోంచో అయిపోతుంది, శని ఆది రెండు రోజుల పని అంది. మొదలెట్టి ఇది ఐదో వారం."

"ఆవిడకి ఇల్లుందో లేదో."

"అన్నిటికీ పనికొస్తుంది అని కూడా అంది. భుజం మీద వేసుకుంటే శాలువా, తలమీంచి తొడుక్కుంటే పోంచో, మెడకి చుడితే స్కార్ఫు, నడుముకి కడితే ఇంకేదో. ఆరు రకాలుగా వాడొచ్చట. దానికే పడిపోయాను."

"మన ఇంటికి తగినదే. మన సోఫా రాత్రి మంచమవుతుంది, డైనింగ్ టేబులు ఇస్త్రీ బల్ల, కుట్టుమిషను మీద టీవీ. ఒక్క పనితో సరిపెట్టుకునే వస్తువు మనింట్లో బతకదు."

"మనుషుల్లో ఒకరున్నారు."

"ఎవడు, వాడా? వాడు ఆ ఒక్క పనీ ఆఫీసులోనే చేసేసి వస్తాడు."

"ఆఫీసులో సరిగ్గా నా కుర్చీ నెత్తినే ఏసీ, మామయ్యగారూ. ఐదేళ్ళుగా తగ్గించమంటున్నాను. మా మేనేజరుకి చెమటలు. అందుకని, పల్చగా, బరువు లేకుండా, నాకోసం ఒకటి అల్లుకుందామనుకున్నాను. ఒక్కటి. మీ అబ్బాయి చూసి, కారు సీటు మీదకి భలే ఉంటుంది అన్నారు. అత్తయ్యగారు ఫోన్లోనే రంగడిగి, ఫ్రిజ్ మీదకి సరిపోతుందా అన్నారు. బుజ్జి వచ్చే శనివారానికి బుక్ చేసుకుంది. ఇంకా పదకొండు వరసలే ఉన్నాయి, అప్పటికే ముగ్గురు వారసులు."

"నేను అడగలేదు."

"మీరు అడక్కుండా అల్లేశారు."

"తప్పేనమ్మా. నీ అల్లిక మీద చెయ్యి వెయ్యకూడదు."

"అయ్యో, ఆ మాట కాదు. సంతోషంగానే ఉంది. ఈ ఇంట్లో నేను వదిలిపెట్టిన పని నేను తిరిగొచ్చేసరికి ముందుకి జరగడం ఇదే మొదటిసారి. అందుకే భయపడ్డాను."

"అయితే నా ఆరు వరసలూ విప్పెయ్."

"ఎందుకు విప్పడం? బిగువు తేడా ఒక్క ఉతుకుతో సర్దుకుంటుంది."

"బిగువు గురించి కాదు. విప్పెయ్. లెక్క తప్పింది."

"ఏం లెక్క?"

"వరసకి నూట ఇరవై కుట్లుండాలి. సంచీలో చీటీ మీద నువ్వే రాసి పెట్టావు, కింద గీత కూడా కొట్టి. నాకు నూట పదిహేడే వస్తున్నాయి."

"మూడేగా."

"మూడేగానా? ముప్ఫై నాలుగేళ్ళు సర్వేయర్ని నేను. గొలుసు పట్టుకుని ఎండలో పొలాలు కొలిచినవాణ్ణి. నా కొలతలో మూడు లింకులు తేడా వస్తే రెండు కుటుంబాలు మూడు తరాలు కోర్టు చుట్టూ తిరుగుతాయి."

"ఇది పోంచో మామయ్యగారూ. దీని సరిహద్దు నా భుజాలే. నేను కేసు వెయ్యను."

"నవ్వకు."

"నవ్వే ఓపిక కూడా లేదు. అంత దిగులెందుకు, ఎక్కడో మూడు వదిలేసుంటారు."

"అదే. ఎక్కడో. ఎక్కడ వదిలానో నాకు తెలీదు. అది తెలీకపోవడమే నా జబ్బు."

"ఏం జబ్బు?"

"ఏం లేదు. టీ పెట్టనా?"

"మామయ్యగారూ."

"పంచదార ఎక్కడుందో కూడా గుర్తుందో లేదో చూద్దాం."

"కూర్చోండి. ఏం జబ్బు?"

"...మతిమరుపు."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు తెలుస్తోంది. నెల నుంచి గమనిస్తున్నా. ఏదైనా లెక్క ఉండే పని పెట్టుకోండి, లెక్క నిలబడితే మెదడు బాగున్నట్టే అని ఎక్కడో చదివాను. అందుకే నీ సంచీ తీశాను. సరదాకి కాదు. పరీక్ష రాసుకుంటున్నా. ఆరు వరసలకి ఆరు సార్లు రాశాను. ఆరు సార్లూ ఫెయిలు."

"మూడు కుట్లకే మతిమరుపు అంటారా?"

"కుట్లొక్కటే కాదు. బుజ్జి స్కూల్లో మీటింగు సంగతి మర్చిపోయావా? నువ్వు మంగళవారం అన్నావు. నేను బుధవారం వెళ్ళాను. స్కూలంతా ఖాళీ. వాచ్‌మన్ కుర్చీ వేశాడు. గంటసేపు కూర్చుని వాచ్‌మన్ గారి అబ్బాయి చదువు గురించి మాట్లాడి వచ్చాను."

"ఆ రోజు మీమీద విసుక్కున్నాను. పాపం."

"విసుక్కోవా మరి? తర్వాత బీరువా తాళం. నాకిచ్చానన్నావు. రెండు రోజులు ఇల్లంతా గాలించాను. ఇచ్చినట్టే గుర్తు లేదు. బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశాను."

"మామయ్యగారూ, ఆ తాళం..."

"చెప్పనీ. ఇన్నాళ్ళకి నోరు తెరిచాను. పోయిన వారం బీపీ మాత్ర. పొద్దున వేసుకున్నారుగా అన్నావు. నాకు వేసుకున్న గుర్తే లేదు. అట్ట చూస్తే ఆ రోజు మాత్ర అట్టలోనే ఉంది. నువ్వు వేసుకున్నారు అన్నావు కాబట్టి వేసుకునే ఉంటాను, అట్టలో ఒకటి ఎక్కువొచ్చింది అనుకున్నాను."

"అట్టలో ఎక్కువ రావడమేంటి?"

"కంపెనీవాళ్ళు మాత్రం మనుషులు కారా?"

"ఇవన్నీ ఇన్నాళ్ళూ మీలోనే దాచుకున్నారా?"

"అందుకే బుజ్జిని స్కూలు నుంచి తీసుకురావడం మానేశాను. మోకాలు నొప్పి అని చెప్పాను కదా, మోకాలికేం లేదు. పిల్లని స్కూటరు మీద కూర్చోబెట్టుకుని దారి మధ్యలో మర్చిపోతే? ఇంకో పిల్లని తీసుకొచ్చేస్తే?"

"మీ మోకాలు నొప్పని నేను వారం రోజులుగా అరగంట ముందు ఆఫీసులోంచి పారిపోతున్నాను. లంచ్ మానేసి ఆ అరగంట సర్దుతున్నాను."

"తెలుసు. చూస్తున్నా. చెంపలు లోపలికి పోయాయి. కానీ ఏం చెయ్యను? రేపు పది గంటలకి నరాల డాక్టరు దగ్గర టోకెను తీసుకున్నా. మతిమరుపు ఆయనే చూస్తాట్ట. ఇంట్లో చెప్పకుండా వెళ్ళొద్దామనుకున్నా. ఆయన ఉంది అని తేల్చేస్తే స్కూటరు అమ్మేద్దాం. స్టవ్ దగ్గరికి నన్ను రానివ్వకు. మీ అత్తయ్యని రమ్మను. అన్నీ రాసి పెట్టాను."

"ఏం రాశారు?"

"ఎక్కడెక్కడ ఏమున్నాయో. ఎవరిని పిలవాలో. నేను మిమ్మల్ని గుర్తుపట్టకపోతే కోప్పడొద్దని. వాడికి విడిగా చెప్పాలి, వాడు కోప్పడతాడు."

"ఇటు ఇవ్వండి. ఆ అల్లిక ఇటు ఇవ్వండి. ఇప్పుడే లెక్కపెడదాం."

"ఆరు సార్లు పెట్టానమ్మా."

"ఏడోసారి నాతో. నేను ఒక్కో కుట్టు మీద వేలు పెడతాను, ఇద్దరం పైకే లెక్కపెడదాం. ఇది మీ పదిహేడో వరస. ఒకటి, రెండు, మూడు..."

"నాలుగు, ఐదు..."

"...అరవై ఒకటి, అరవై రెండు, అరవై మూడు. ఒక్క నిమిషం, మీ అబ్బాయి ఫోను. హలో. ఆఁ. లేవు, ఉల్లిపాయలు లేవు. అవి కూడా లేవు. ఏం లేవో కాదు, ఏమున్నాయో అడగండి, తొందరగా అయిపోతుంది. ఎర్ర డబ్బాది. ఎప్పుడూ కొనేదే. ఎర్రది. సరే... ఎక్కడున్నాం మామయ్యగారూ? యాభై మూడా?"

"అరవై మూడు."

"అరవై మూడు. అరవై నాలుగు, అరవై ఐదు..."

"...నూట పదహారు, నూట పదిహేడు. అయిపోయింది. చూశావా?"

"చూశాను."

"విప్పెయ్."

"ఆగండి. ఆ కింద వరస కూడా లెక్కపెడదాం."

"అదీ నాదే. అదీ నూట పదిహేడే."

"ఇంకా కింద. మీరు ముట్టుకోనిది. అన్నిటికన్నా అడుగున, నేను మొదట అల్లిన వరస. దాన్ని లెక్కపెట్టారా ఎప్పుడైనా?"

"నీది ఎందుకు లెక్కపెడతాను? నువ్వు నూట ఇరవై అని రాశావుగా."

"సర్వే ఎక్కడ మొదలెడతారు మీరు? మొదటి రాయి సరిగ్గా ఉందో లేదో చూసుకోరా?"

"పరాయివాళ్ళ రాయి అయితే చూస్తాం. నువ్వు పాతిన రాయిని నేను అనుమానించడమేంటి? ఈ ఇంట్లో తప్పు చెయ్యని మనిషివి నువ్వొక్కదానివే. నీతో తేడా వచ్చిన ప్రతిదీ తప్పని, ఇరవై ఏళ్ళుగా అందరం అలాగే సర్దుకుంటున్నాం."

"లెక్కపెట్టండి. మీరే. నేను వేలు పెడతాను."

"కళ్ళకి ఆనట్లేదమ్మా. నీ కుట్లు మరీ బిగువు."

"నేను సాగదీసి పట్టుకుంటాను. కానివ్వండి."

"ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

"నెమ్మదిగా."

"...నలభై. నలభై ఒకటి. ఇక్కడ ముడి పడింది."

"అక్కడే మీ అబ్బాయి సాక్సులెక్కడ అని అడిగారు. గుర్తొచ్చింది. చెప్పి వచ్చి మళ్ళీ ఎక్కడ మొదలెట్టానో... కానివ్వండి."

"...డెబ్భై. ఇక్కడా ఒక ముడి."

"బుజ్జి. చార్టు పేపరు రేపటికి కావాలని. ఆ రాత్రి తొమ్మిదింటికి చెప్పింది."

"...తొంభై ఎనిమిది. ఇక్కడ ఏమైంది?"

"కుక్కరు."

"...నూట పదిహేను. నూట పదహారు. నూట పదిహేడు."

"తర్వాత?"

"తర్వాత లేదమ్మా. గాలి ఉంది."

"మళ్ళీ పెట్టండి. ఆ చివర నుంచి ఈ చివరికి."

"...నూట పదిహేడు. ఎటు నుంచైనా అంతే. కొలిచే దిశ మారిస్తే భూమి పెరగదు."

"నూట పదిహేడు."

"అయితే ఈ వరసలో కూడా ఎవరో..."

"ఎవరూ లేరు మామయ్యగారూ. ఈ వరస మీరు సూది పట్టకముందు అల్లింది. నేనే. నూట పదిహేడు అల్లి, చీటీ మీద నూట ఇరవై అని రాసి, కింద గీత కూడా కొట్టాను."

"అంటే, నాకు ఆరు సార్లూ..."

"ఆరు సార్లూ సరిగ్గానే వచ్చింది. ఒక్క కుట్టు కూడా పోగొట్టుకోలేదు మీరు. నేను వేసిన నూట పదిహేడునీ జాగ్రత్తగా పైకి తీసుకెళ్ళారు. అంతే."

"పొరపాటు ఎవరికైనా వస్తుందిలే. సాక్సుల మధ్యలో... సరే, కుట్లు వదిలెయ్. మరి స్కూలు మీటింగు?"

"దాన్నే చూస్తున్నా. ఫోన్లో వెతుకుతున్నా. ఇదిగో, స్కూలువాళ్ళు పంపింది, మంగళవారం నాలుగు గంటలకి. ఇది దాని కింద నేను మీకు పంపింది. మీ ఫోనులోనూ ఉంటుంది. చదవండి."

"'మామయ్యగారూ, బుధవారం నాలుగింటికి బుజ్జి స్కూల్లో మీటింగు, మర్చిపోకండి.'"

"మర్చిపోలేదు మీరు."

"నేను మళ్ళీ చూసుకోనేలేదు. నువ్వు మంగళవారమే చెప్పాను అన్నావు, నిజమే అనుకున్నాను."

"బీరువా తాళం మొన్న సోమవారం నా ఆఫీసు బ్యాగులో కనపడింది. జిప్పు లోపల, టిఫిను డబ్బా కింద. మీకు చెప్దామనుకున్నాను. అదీ మర్చిపోయాను."

"పోన్లే. మాత్ర?"

"అట్టలో ఎక్కువ రాలేదు. మీరు వేసుకోలేదు. నేను చూడకుండానే వేసుకున్నారు అనేశాను."

"పోన్లే అమ్మా. ఒక్క మాత్రే. అయితే నాకేం లేదంటావు?"

"మీకేం లేదు. మీరు భేషుగ్గా ఉన్నారు."

"ఆరు వరసలూ విప్పక్కర్లేదు?"

"ఒక్కటి కూడా విప్పం."

"అయితే రేపు బుజ్జిని నేనే తీసుకొస్తాను. స్కూటరు తుడవాలి. వారం రోజుల దుమ్ము పట్టింది. నీ అరగంట నీకు మిగుల్తుంది, కాస్త లంచ్ తిను. ఆ రాసిన కాగితాలు చించేస్తా. డాక్టరుకి ఫోను చేసి రావట్లేదని చెప్పేస్తా. పది గంటల టోకెను ఇంకెవరైనా పాపం అవసరమున్నవాళ్ళకి ఇచ్చుకుంటారు."

"వద్దు. టోకెను అలాగే ఉంచండి."

"ఎందుకమ్మా, నాకేం లేదని నువ్వేగా తేల్చావు?"

"పేరొక్కటే మార్పించండి, మామయ్యగారూ. నాది రాయించండి."